తప్పంతా ఆపరేటర్‌దే

1997లో, మద్రాసు పేరు చెన్నైగా మారిన మరుసటి ఏడాది, అంబత్తూరులో కంప్రెసర్లు తయారుచేసే ఒక కంపెనీలో సిస్టమ్స్ మేనేజరుగా చేరాను. పన్నెండేళ్ల సర్వీసు రిపోర్టులు డేటాబేసులో ఉన్నాయి. వాటిమీద 'కేస్ బేస్డ్ రీజనింగ్' నడపాలని జనరల్ మేనేజరుగారి సంకల్పం. కొత్త ఫిర్యాదు వస్తే, కంప్యూటరు దానికి దగ్గరి పాత ఫిర్యాదును వెతికి, అప్పటి మరమ్మతునే మళ్లీ సూచిస్తుంది. పద్ధతి అంతే. ఆయన దీని గురించి సింగపూరు సెమినారులో అరగంట విన్నారు. ఏళ్ల తరబడి ఇదే పని బుర్రతో చేస్తున్న సర్వీసు ఫోర్‌మన్ మునుస్వామి నాయుడుగారు ఇక అక్కర్లేదని తేల్చడానికి ఆ అరగంట సరిపోయింది. స్వచ్ఛంద పదవీ విరమణ కాగితం సిద్ధమైంది. స్వచ్ఛందం కంపెనీది.

డైరెక్టర్లకు ప్రోగ్రాం చూపించే రోజునే ఒక పాల శీతలీకరణ కేంద్రం నుంచి ఫోను వచ్చింది. కంప్రెసర్ విపరీతంగా అదురుతోంది, పాలు పాడయ్యేలా ఉన్నాయి. జనరల్ మేనేజరుగారు మురిసిపోయి ఆ ఫిర్యాదునే ఎక్కించమన్నారు. కంప్యూటరు అలాంటి పాత కేసులన్నీ క్షణాల్లో తీసింది. అన్నిటికీ ఒకటే నిర్ధారణ: 'ఆపరేటర్ తప్పిదం. సూచనలిచ్చి వచ్చాము.'

పోలికల లెక్కలు పదిసార్లు సరిచూసిన నేను, ఆ జవాబుల్ని ఒక్కసారీ చదవలేదు.

డైరెక్టర్లు నాయుడుగారిని పిలిపించి, ఈ రిపోర్టులు మీవేనా అని అడిగారు.

"నావే సార్. బేరింగ్ డిజైన్‌లోనే లోపం ఉండాదని రాస్తే ఆఫీసులో తిప్పి పంపిస్తారు, వారంటీ మన నెత్తిన పడతాది గదా. అందుకే ఆడికి పోయి బేరింగ్ మార్చేది, కాగితంలో మాత్రం ఆపరేటర్ తప్పని రాసేది."

తిప్పి పంపిందెవరని ఎవరూ అడగలేదు. జనరల్ మేనేజరుగారు కిటికీలోంచి అతి శ్రద్ధగా బయటికి చూస్తున్నారు.

నాయుడుగారు వెళ్లి బేరింగ్ మార్చారు, పాలు దక్కాయి. పాత కేసుల అసలు మరమ్మతులు చెప్పమని మర్నాడు కోరితే, "ముందు ఆ రిటైర్‌మెంటు కాగితం చించండి సార్, అప్పురం చెప్తా" అన్నారు. చించారు. నాలుగు నెలలు ఆయన చెప్పగా నేను టైపు చేశాను. సింగపూరుకు మాత్రం మళ్లీ జనరల్ మేనేజరుగారే వెళ్లారు, ఈసారి ఉపన్యాసం ఇవ్వడానికి.

డేటాబేసులో దొరికేది జరిగిన విషయం కాదు, పై అధికారి సంతకం పెట్టడానికి ఒప్పుకున్న విషయం. ఆ తర్వాత ఏ కంపెనీలో పనిచేసినా, రిపోర్టులు రాసినవాళ్లతో మాట్లాడాకే ప్రోగ్రాం మొదలుపెట్టాను.