హైమ ఎదురొచ్చే బుధవారాలు

గ్లాన్‌వెర్న్ కాలేజీ అమ్మాయిల హాకీ జట్టు గురించి కార్డిఫ్‌లో తెలిసినవాళ్ళు బహు తక్కువ. ఆ తెలిసిన కొద్దిమందికీ తెలిసింది ఒక్కటే, అది ఓడిపోతుందని. అప్పుడప్పుడూ ఓడిపోవడం కాదు. 2002 నాటికి రెండేళ్ళుగా ఒక్క మ్యాచ్ కూడా వదిలిపెట్టకుండా ఓడిపోయింది. తొమ్మిది సున్నా, ఏడు ఒకటి, ఓసారి ఏకంగా పద్నాలుగు సున్నా. అలాంటి జట్టు కోసం బుధవారం బుధవారం వానలో గొడుగు పట్టుకుని నిలబడి, గొంతు బొంగురుపోయేలా అరిచిన కాకినాడ మనిషి ఒకామె ఉంది. ఆమె పేరు హైమ.

హైమ భర్త కృష్ణమూర్తి కార్డిఫ్ ఆసుపత్రిలో మత్తు డాక్టరు. 1998లో, నలభై ఆరేళ్ళకే, గుండెపోటుతో పోయాడు. ఆమె పిల్లాణ్ణి తీసుకుని కాకినాడ వెళ్ళిపోతుందని అందరూ అనుకున్నారు. పన్నెండేళ్ళ ప్రణవ్ మాత్రం తన స్కూలు వదిలి రానన్నాడు. అమ్మ తెలుగులో ఎంత నచ్చజెప్పినా వాడు ఇంగ్లీషులో కాదన్నాడు. సరే, ఉండిపోయింది. ఉండిపోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక గ్లాన్‌వెర్న్ కాలేజీ క్యాంటీన్‌లో పనికి చేరింది. డాక్టరుగారి భార్య జాకెట్ పొటాటోలనే తొక్కతో కాల్చిన బంగాళాదుంపల మీద బీన్స్ వడ్డించడమేమిటని ఊళ్ళో తెలుగువాళ్ళు కొన్నాళ్ళు తెగ బాధపడ్డారు. ఆ బీన్స్‌లో ఆమె ఎవరికీ చెప్పకుండా ఎండుమిరపకాయల పోపు వేస్తోందని తెలిశాక, వాళ్ళలో కొందరు పనిగట్టుకుని వచ్చి తినిపోయేవారు.

ఆమెకు పనంటే బెదురు లేదు, చలంటే బెదురు లేదు. ఉన్న భయం ఒక్కటే. ఎవరైనా ఎక్కడికైనా బయల్దేరుతుంటే తను ఎదురుపడకూడదు. భర్త కర్మకాండలకు కాకినాడ వెళ్ళినప్పుడు మరిది ఏదో పని మీద గుమ్మం దాటబోతుంటే, పెద్దత్తగారు హైమ భుజం పట్టుకుని మెల్లగా తలుపు వెనక్కి జరిపింది. తిట్టలేదు, పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే హైమ ఎదురు తిరిగేదేమో. ఆ మెత్తటి చెయ్యి మాత్రం ఆమెతోపాటు విమానమెక్కి కార్డిఫ్ దాకా వచ్చేసింది.

స్నేహితురాలు పద్మిని కుటుంబమంతా ఇండియా ప్రయాణమైన రోజు, ఆవకాయ సీసా ఇద్దామని వెళ్ళిన హైమ, గుమ్మంలో టాక్సీ చూసి పక్కనే ఆగి ఉన్న కారు వెనక నక్కి కూర్చుంది. వాళ్ళు వెళ్ళిపోయాక సీసా పట్టుకుని తిరిగొచ్చింది. పద్మిని స్వయానా డాక్టరు, ఇలాంటివి బొత్తిగా పట్టించుకోని మనిషి. విన్నాక హైమను నాలుగు చీవాట్లు పెట్టింది.

అక్కడి కాలేజీల్లో బుధవారం మధ్యాహ్నం క్లాసులుండవు, ఆటలుంటాయి. పన్నెండున్నరకి హాకీ అమ్మాయిలు క్యాంటీన్‌కి వచ్చి శాండ్‌విచ్‌ల పెట్టె తీసుకుని, బయట ఆగి ఉన్న మినీబస్సు ఎక్కేవారు. హైమ ఆ పెట్టెను కౌంటరు చివర పెట్టి, తను సామాన్ల గదిలోకి పోయి, బస్సు కదిలిన చప్పుడు విన్నాక బయటికి వచ్చేది. అసలే ఓడిపోయే పిల్లలు, నా ఎదురు కూడా ఎందుకు పాపం అనుకునేది.

2002 అక్టోబరులో ఒక బుధవారం వాళ్ళు పెట్టె మరిచిపోయారు. హైమ గదిలోంచి వచ్చేసరికి అది కౌంటరు మీదే ఉంది, బయట ఇంజను మోగుతోంది. పదకొండు మంది ఆడపిల్లలు పస్తు ఉంటారన్న తలపు తప్ప ఆ క్షణాన ఆమెకు ఇంకేమీ తోచలేదు. పెట్టె చంకన పెట్టుకుని పరిగెత్తింది. సరిగ్గా కదిలిన బస్సుకు ఎదురుగా, ఏప్రన్‌తో, రెండు చేతులూ ఎత్తి నిలబడింది. బస్సు ఆగింది. పెట్టె లోపలికి అందించి వెనక్కి తిరిగాక గానీ తనేం చేసిందో తెలిసిరాలేదు. ఆ సాయంత్రం అన్నం సయించలేదు. ఈసారి పదిహేను సున్నా అని తీర్మానించుకుంది.

మర్నాడు పొద్దున్నే జట్టు కెప్టెన్ సియాన్ క్యాంటీన్‌లోకి దూసుకొచ్చింది. ఎర్రజుట్టు పిల్ల, డిగ్రీ రెండో ఏడు, మాట్లాడితే గోడలు అదిరేవి. రెండు రెండు, డ్రా అయింది, రెండేళ్ళలో మొదటి పాయింటు అని కేకేసింది. వెనకే బస్సు నడిపే ఎమ్రిస్ వచ్చాడు. అరవై ఏళ్ళ ముసలాయన, కాలేజీ మైదానం చూసుకునేదీ ఆయనే. ఎప్పుడూ ఎడమ బూటు ముందు తొడుగుతాడు, మ్యాచ్‌కి ముందు గెలుపు అన్న మాట నోట రానివ్వడు. ఆయన టోపీ తీసి, ఇక నుంచి హైమ ఎదురు రానిదే బస్సు కదలదని ప్రకటించాడు.

హైమ హడలిపోయింది. తనకున్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని, మా వైపు భర్త పోయిన మనిషి ఎదురొస్తే మంచిది కాదంటారని చెప్పింది. నాలుగేళ్ళలో ఆ సంగతి పరాయివాళ్ళ దగ్గర పైకి అనడం అదే మొదటిసారి. ఎమ్రిస్, మీ వైపు సంగతి నాకు తెలియదు, నా బస్సు సంగతి నాకు తెలుసు అన్నాడు.

తరువాతి బుధవారం ఆమె మామూలుగానే సామాన్ల గదిలో దాక్కుంది. బస్సు హారన్ మోగింది. ఆగి ఆగి మోగింది. క్యాంటీన్ మేనేజరు వచ్చి, ఆ గోలకి లైబ్రరీవాళ్ళు ఫోన్ చేస్తున్నారు, నువ్వు వెళ్ళి ఎదురొస్తావో పక్కనొస్తావో వచ్చి వాళ్ళని పంపించు తల్లీ అని బతిమాలాడు. హైమ బయటికి నడిచింది. నేల చూపులు చూస్తూ, పెళ్ళిచూపులనాటి కన్నా ఎక్కువ సిగ్గుతో, బస్సుకు ఎదురుగా వచ్చింది. లోపల పదకొండు మందీ చప్పట్లు కొట్టారు.

ఆరు సున్నాతో ఓడిపోయారు.

ఇంకేం, తెలిసొచ్చి ఉంటుంది, ఇక పిలవరు అనుకుంది. వచ్చే బుధవారం హారన్ మళ్ళీ మోగింది. ఆ వారం ఐదు ఒకటి. ఆ పై వారం ఎనిమిది సున్నా. అయినా హారన్ మోగుతూనే ఉంది. వీళ్ళకి లెక్కలు రావా అని హైమకు అనుమానం వచ్చింది. అసలు వీళ్ళు ఎలా ఆడి ఇంతలా ఓడుతున్నారో చూద్దామని ఒకరోజు పని కాగానే కాలేజీ మైదానానికి వెళ్ళింది. వెళ్ళడం ఆమె చేసిన తప్పో ఒప్పో గానీ, ఆ తరువాత మానలేకపోయింది. నెల తిరిగేసరికి బయట ఊళ్ళ మ్యాచ్‌లకు కూడా డ్యూటీల రోటా మార్చుకుని అదే బస్సులో ముందు సీట్లో కూర్చుని పోసాగింది. ముందు ఎదురు రావడం, తరువాత చుట్టూ తిరిగొచ్చి ఎక్కడం.

జట్టుకు అప్పటికున్న అభిమానులు ముగ్గురు. ఎమ్రిస్, ఆయన భార్య, ఇంకెవరిదో ఒక కుక్క. హైమ రాకతో మైదానం మోగిపోయింది. "కొట్టవే తల్లీ కొట్టు, ఏంటలా చూత్తావ్, నీ పక్కనే ఉంది చూడు" అని ఆమె గోదావరి యాసలో కేకపెడితే, అవతలి జట్టు గోల్‌కీపర్ అదేదో రహస్య సంకేతమనుకుని కంగారుపడేది. అమ్మాయిలకు అర్థం కాకపోయినా ఆ గొంతు ఎటు నుంచి వస్తే అటు పరిగెత్తేవారు. వాళ్ళు ఆమెను హైమా అని పేరు పెట్టి పిలిచేవారు. తెలుగువాళ్ళలో ఆమె డాక్టరుగారి భార్య, ప్రణవ్ వాళ్ళమ్మ, పిల్లలకు ఆంటీ. పేరుతో పిలిచే ఒక్క మనిషీ పోయాక మళ్ళీ ఆ పేరు వినపడింది ఆ బురద మైదానంలోనే. అందుకు ఆమెకు పట్టరాని సంతోషంగా ఉండేది. మైదానం పక్కన నిలబడి వానలో తనలో తనే నవ్వుకునేది.

ప్రణవ్‌కి ఇదంతా పెద్ద వేళాకోళమైపోయింది. వాడు రగ్బీలో గెలిచే జట్టుని చూసి అభిమానించే రకం. మమ్, వాళ్ళు ఎప్పుడూ ఓడిపోతారు కదా, ఎందుకెళ్తావు అని ఇంగ్లీషులో నిలదీశాడు.

"తొమ్మిది గోల్స్ పడిపోయాక కూడా పదోది ఆపుదామని పరిగెడతార్రా. అది చూడ్డానికే ఎల్తాను" అంది హైమ.

వాడు భుజాలెగరేసి టీవీ వైపు తిరిగాడు. ఆ తరువాత రెండు వారాలకు మైదానం దగ్గర ఎమ్రిస్ భార్య పక్కన నిలబడి చిప్స్ తింటూ కనిపించాడు. హైమ చూసీ చూడనట్టు ఊరుకుంది.

గెలుపులు రాకపోలేదు. ఏడాదిన్నరలో రెండు వచ్చాయి. అందులో ఒకటి అవతలి బస్సు దారిలో చెడిపోయి సగం జట్టే వచ్చిన రోజున. అయినా గెలుపు గెలుపేనని హైమ ఆ వారం క్యాంటీన్ అందరికీ రవ్వకేసరి పంచింది.

2004 జనవరిలో నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఈ ఏడు కూడా లీగ్‌లో అట్టడుగున ఉంటే జట్టును రద్దు చేస్తారు, బస్సు ఉండదు. మార్చి వచ్చేసరికి మిగిలింది ఒక్క మ్యాచ్. స్వాన్సీ దాటి వెళ్ళి ఆడాలి, గెలిచి తీరాలి.

అప్పటిదాకా నిద్రపోతున్న భయం హైమలో లేచి కూర్చుంది. మామూలు ఓటములకు ఎన్నిసార్లు ఎదురొచ్చినా పోయేదేమీ లేదు. ఈసారి పోతే జట్టే పోతుంది. నేను ఎదురొచ్చాకే ఇది మూతపడిందని రేపు ఎవరైనా అంటే? ఎవరూ అనకపోయినా, పెద్దత్తగారి చెయ్యి అన్నట్టే కదా? ఆ బుధవారం ఆమె రోటా మార్పించుకుని, ఒంట్లో బాగాలేదని కబురు పెట్టి, కాథేస్‌లోని ఇంట్లో తలుపేసుకు కూర్చుంది.

పన్నెండు ముప్పావుకి వీధిలో హారన్ మోగింది.

కిటికీ తెర తొలగించి చూస్తే ఇరుకు సందులో మినీబస్సు అడ్డంగా ఆగి ఉంది. వెనక రెండు కార్లు ఆగిపోయాయి. సియాన్ తలుపు బాదుతోంది. హైమ తీసింది. ఈసారి ఇంగ్లీషు వెతుక్కోలేదు, దాచుకోలేదు. నేనొచ్చాక మీరు ఓడిపోతే నావల్లే ఓడిపోయారనుకుంటాను, బతికినన్నాళ్ళూ అనుకుంటాను, నన్నొదిలెయ్యండి అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సియాన్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"హైమా, నువ్వు రాకముందు రెండేళ్ళు మేం సొంతంగా ఓడిపోయాం. పద్నాలుగు సున్నాకి నువ్వు ఎక్కడున్నావు? సామాన్ల గదిలో. మా ఓటములు మావి. వాటిలో నీకు వాటా ఇవ్వం."

వెనక కారువాడు కూడా హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. హైమ కోటు వేసుకుంది. సందు చివరి దాకా నడిచి వెళ్ళి, వెనక్కి తిరిగి, తల ఎత్తి, నడివీధిలో బస్సుకు ఎదురుగా నడిచింది. ఎమ్రిస్ టోపీ తీశాడు. కారువాడు సంగతేమిటో తెలియకపోయినా హారన్ ఆపేశాడు.

ఆ మధ్యాహ్నం పిల్లలు ఆడినలాంటి ఆట హైమ అంతకు ముందెప్పుడూ చూడలేదు. మొదటి సగంలో రెండు గోల్స్ వెనకబడి, రెండో సగంలో ఆ రెండూ తిరిగి కొట్టారు. రెండో గోలుకి హైమ గొడుగు ఎగిరి మైదానంలో పడితే అంపైర్ మందలించాడు. ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా అవతలివాళ్ళ బంతి ఒకటి మన గోల్‌కీపర్ కాలికవచానికి తగిలి, నిదానంగా దొర్లుకుంటూ లోపలికి పోయింది. మూడు రెండు. విజిల్ ఊదారు.

హైమ అక్కడే నిలబడిపోయింది. అయిపోయింది. జట్టు లేదు. ఎవరి ముఖమూ చూడకుండా బస్సు వెనగ్గా పోయి నిలబడదామని అడుగు వేసింది. అంతలో సియాన్ బురదలో మోకాళ్ళ మీద కూలబడి, ఏడుపు ముఖంతోనే పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఒకరి తరువాత ఒకరు వచ్చి ఆమె మీద పడ్డారు. తరువాత పదకొండు మందీ లేచి, ఆ బురదతోనే వచ్చి హైమ మీద పడ్డారు. కొత్త కోటు సర్వనాశనమైంది. కార్డిఫ్ వచ్చేదాకా బస్సులో పాడుతూనే ఉన్నారు. హైమ మనసారా ఏడ్చింది, మధ్యలో ఎమ్రిస్ భార్య కట్టిన శాండ్‌విచ్‌లు కూడా తింది.

జట్టును మాట ప్రకారం రద్దు చేశారు. బుధవారాలు ఉత్తి బుధవారాలైపోయాయి. హైమ క్యాంటీన్‌లో బీన్స్ వడ్డిస్తూ, హారన్ వినపడని పన్నెండున్నరలకు అలవాటు పడసాగింది.

మే నెల రెండో వారం, ఒక సోమవారం పొద్దున, పరీక్షల పర్యవేక్షకుడు ఒకాయన క్యాంటీన్ గుమ్మంలోకి వచ్చి, ఇక్కడ హైమ అంటే ఎవరని అడిగాడు. ముఖం చిటపటలాడుతోంది. ఆఖరి ఏడు పరీక్ష ఇంకో ఆరు నిమిషాల్లో మొదలు కావాలిట, కొందరు అమ్మాయిలు హాలు బయట నిలబడి లోపలికి రామంటున్నారట.

హైమ తడిచేతులతోనే వెళ్ళింది. పొడవాటి వరండా ఆ చివర సియాన్, హాకీ జట్టులోని మరో ఏడుగురు, పెన్నులు పట్టుకుని వరుసగా నిలబడి ఉన్నారు. ఆమెను చూడగానే అందరూ నిటారుగా సర్దుకుని, ఆమె వైపు బయల్దేరి ఒక్క అడుగు వేసి ఆగారు.

"మార్చిలో ఏమైందో మర్చిపోయారా?" అంది హైమ ఇంగ్లీషులో.

"గుర్తుంది. తొందరగా రా, టైమైపోతోంది" అంది సియాన్.

హైమ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని వాళ్ళకు ఎదురు నడిచింది.