ఏం గాదనే మనిషి

నిజాం రోజులల్ల సిద్దిపేటల మోటరు సైకిలున్న ఒక కల్లు గుత్తదారు ఇంట్ల నేను పనిచేసేదాన్ని. ఆయన నోట్లె ఎప్పుడూ ఒక్కటే మాట, "ఏం గాదు". ఆ మాట యాదికొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది.

ఐదేండ్ల బిడ్డను వెనుక కూసోబెట్టుకొని, దుబ్బాక తువ్వాలను దాని తొడల మీదికెళ్లి చుట్టి తన నడుముకు బిగించి కట్టించుకునేటోడు. ఆ ముడి వేసేది నేనే. "పిల్ల భయపడుతున్నది దొరా" అంటే, "కట్టినంక యాడ పడ్తదే? ఏం గాదు" అని నవ్వేటోడు.

ఒకనాడు చేర్యాల పోయొచ్చి, బండి దిగకముందే గొప్పలు మొదలుపెట్టిండు. "నా బిడ్డకు ఎంత సంబురమో! తొవ్వంత ఒకటే కేకలు. అది కేకేసినకొద్ది నేను ఇంకింత ఉరికిచ్చిన."

నేను ముడి విప్పిన. పొగగొట్టానికి అంటుకొని పిల్ల పిక్క కాలింది. తోలు ఊడొచ్చింది. తొడలు కదలకుండ కట్టేస్తే కాలు ఎట్ల తీసుకుంటది? కట్టింది నేనే.

"అవి సంబురపు కేకలు కావు దొరా. కాలుతున్నది బాపూ అని మొత్తుకున్ననని పిల్లే చెప్తున్నది. ఇప్పుడు సుత ఏం గాదంటరా?" అని గట్టిగనే అడిగిన.

"నాలుగు రోజులల్ల మానుతది. నువ్వు రేపటినుంచి పనికి రాకు" అన్నడు.

పదిహేను రోజులు తిరగకముందే బజార్ల ఆ బండి నా ముందరికెళ్లే పోయింది. వెనుక అదే పిల్ల. కాలిన పిక్కకు గుడ్డకట్టు, తొడల మీద అదే తువ్వాల. ఈసారి కేకలు లేవు. రెండు చేతులతోని నోరు మూసుకొని కూసున్నది.