అన్న చూపుడు వేలు

మొన్న కుప్పంలో మా అమ్మాయి వాళ్ళింటికి రంగులు వేస్తుంటే చూడబోయాను. పనివాళ్ళలో ఒకతను స్ప్రే మిషన్ ఆపి, గన్ను మూతిని బొటనవేలితో తుడవబోయాడు. నేను వద్దని అరిచాను. అతను మర్యాదగా నవ్వి, ప్రెషర్ అంతా వదిలేశానని ట్రిగ్గర్ నొక్కి చూపించాడు. అయినా అతను ఆ మూతి తుడవడం పూర్తయ్యేదాకా నేను అక్కణ్ణుంచి కదల్లేదు.

నా ఈడువాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, మదనపల్లెలో అప్పట్లో గోడకు రంగు వేయడమంటే బ్రష్షూ నిచ్చెనా బకెట్టూ, అంతే. మా అన్నా నేనూ జోడుగా పనిచేసేవాళ్ళం. గోడ అడుగున బార్డరు గీయడంలో అన్నకు సాటి లేదు. దారం పట్టకుండా, ఊపిరి బిగబట్టి, ఈ మూల నుంచి ఆ మూలకు తిన్నగా లాగేవాడు. కల్యాణ మండపాలవాళ్ళు తొందరపెట్టడం మొదలయ్యాక నేను బెంగళూరు పోయి చిన్న స్ప్రే మిషన్ ఒకటి తెచ్చాను. గాలి కలపకుండా ఉత్త రంగునే పంపుతో గట్టిగా ఒత్తి, సూదిమొనంత రంధ్రంలోంచి చిమ్మే మిషన్ అది. స్విచ్చి ఆపినా పైపులో ఒత్తిడి అలాగే ఉంటుందనీ, అది వదిలాకే మూతి ముట్టుకోవాలనీ అంగడాయన మరీ మరీ చెప్పి పంపాడు. కొత్త మిషన్ తెచ్చిన సంబరంలో ఆ మాట నేను అన్నకు చెప్పనే లేదు.

పుంగనూరులో మండపం పని, మర్నాడే పెళ్ళి. మధ్యాహ్నం గన్ను అడ్డుపడింది. నేను అవతల రంగు కలుపుతున్నాను. అన్న స్విచ్చి ఆపి, గన్ను ఎడమచేత పట్టుకొని, కుడి చూపుడువేలితో మూతి రుద్దాడు; ఎడమచేతి వేలు ట్రిగ్గర్ మీదే ఉందన్నది గమనించలేదు. అది నొక్కుకొని, పైపులో మిగిలిన రంగు చివ్వున వేలిలోకి దూసుకుపోయింది. ఆ చప్పుడుకు నేను పరుగున వెళ్ళి చూస్తే వేలి కొసన ఆవగింజంత తెల్లచుక్క. నెత్తురు లేదు, నొప్పి లేదు. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో అలాంటి వేలి బొమ్మా, పక్కన ఆసుపత్రి గుర్తూ చూసిన సంగతి అప్పుడు గుర్తుకొచ్చి, అన్నను వెంటనే ఆ ఊళ్ళోని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన వేలు తుడిచి, సూదివేసి, ఇంటికి పొమ్మన్నాడు. అన్నకూ అదే చాలనిపించింది.

"చీమ కుట్టినంత గూడా లేదు. పని వదిలేసి పోతే పెండ్లోళ్ళకు ఏం జెప్తాము?" అన్నాడు.

నేను వినలేదు. పుస్తకం జేబులో పెట్టుకొని, చెయ్యిపట్టి లాక్కొచ్చి మదనపల్లె బస్సెక్కించాను. దారిలోనే వేలు ఉబ్బి, పాలిపోయి, తాకితే చల్లగా తగలసాగింది. ఎదురుగా ఎడ్లబండి అడ్డమొచ్చినా, బస్సు ఆగినా నాకు ప్రాణం పోతున్నట్టే ఉండేది. ఇక ఆపుకోలేకపోయాను.

"అన్నా, ఆపినా ప్రెషర్ ఉంటాదని నాకు చెప్పినారు. నేనే నీకు చెప్పలేదు."

అన్న ఉబ్బిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇప్పుడు చెప్తివి గదా. ఊరుకో," అన్నాడు.

మదనపల్లెలో సర్జనుగారు ముందు మామూలు గాయమే అనుకొని, నేను చూపిన పుస్తకంలోని పేజీ నిలబడే చదివి, మరో మాట లేకుండా అన్నను లోపలికి తీసుకెళ్ళమన్నారు. వేలు కోస్తే తెల్లరంగు అరచేతి దాకా పాకి ఉందట. ఇంకొంత ఆలస్యమైతే చెయ్యే పోయేదని, బయటికొచ్చి, కబురందుకొని వచ్చిన వదినతో చెప్పారు. వదిన నావైపు చూడలేదు. పుంగనూరులో ఆ పెళ్ళివాళ్ళు రంగుపడని గోడకు గుడ్డ కట్టించి పని కానిచ్చారని తర్వాత విన్నాను.

వేలు నిలిచింది గానీ వంగలేదు. అన్న బ్రష్షు వదిలి టమోటా మండీలో కాటా దగ్గర పనికి కుదిరాడు. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికయ్యేదేమో.

ఇప్పటి కుర్రవాళ్ళు చేతులకు తొడుగులూ ముఖానికి మాస్కులూ వేసుకొని, వారం పని ఒక పూటలో ముగిస్తున్నారు. మంచిదే, కాదనను. కానీ బ్రష్షుల కాలంలో ఒక గది పూర్తయ్యేసరికి ఇద్దరి మధ్యా చెప్పుకోని సంగతి మిగిలేది కాదు. మిషన్ వచ్చాక ఆ మోతలో, ఆ తొందరలో, చెప్పవలసిన ఒక్క మాటకు తీరిక లేకపోయింది. ఆ తర్వాత అన్నా నేనూ ఒకే గోడ ముందు మళ్ళీ నిలబడలేదు.