అడుగు పప్పు

మా అత్త కాళ్లకు జబ్బేమీ లేదని తిరువళ్ళూరు డాక్టరమ్మ చెప్పినప్పుడు సంతోషించాలో కోప్పడాలో నాకు తెలియలేదు. కార్తీకంలో వచ్చిన విషజ్వరం తగ్గి నాలుగు నెలలైనా ఆమె గోడ పట్టుకోకుండా లేవలేకపోతోంది. జబ్బు లేకపోతే మరేమిటి? డాక్టరమ్మ అత్త పిక్కను రెండు వేళ్లతో పట్టుకుని చూపించింది. కండ కరిగిపోయిందట. జ్వరం తిన్నది కొంతేనట, అంతకు ముందు నుంచే తిండి చాలడం లేదట. మందుల కన్నా ముందు ప్రోటీన్ కావాలి, పప్పులో గుడ్లో పాలో, రోజుకు యాభై గ్రాముల ప్రోటీన్ అయినా ఒంట్లో పడాలి, రోజూ కాస్త లేచి కూర్చునే వ్యాయామం చెయ్యాలి అని తమిళంలో నింపాదిగా చెప్పింది.

తిండి చాలడం లేదట! నన్ను నడివీధిలో నిలబెట్టి తిట్టినట్టయింది. మా ఇంట్లో రోజూ పప్పు ఉడుకుతుంది. ఆదివారం మాంసం వండుతాం. కోడలు తిండి పెట్టడం లేదని డాక్టరమ్మ అనుకుంటుందేమోనని బస్సులో వచ్చేదాకా మండిపడుతూనే ఉన్నాను. అత్త మాత్రం కిటికీ పక్కన కూర్చుని వేయించిన వేరుశనక్కాయలు ఒలిచి, గింజలన్నీ నా చేతిలో పోస్తూ వచ్చింది.

మాది తిరుత్తణిలో నేతవాళ్ల వీధి. ముందుగదిలో రెండు గుంట మగ్గాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి మామది, ఒకటి అత్తది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, అడుగున ఉన్న చెక్కలను మార్చి మార్చి తొక్కుతూ, పైన చేత్తో అడ్డపోగు తీసుకెళ్లే నాడె ఆడించాలి. అత్త చేతులు బాగానే ఉన్నాయి. తొక్కే బలమే కాళ్లలో లేదు. సగం నేసిన చీర మీద పాత దుప్పటి కప్పి పెట్టింది. మా ఆయన మంచి మనసుతోనే ఒక మాట అన్నాడు.

"ఆడి కృత్తిక దాకా చూస్తాం. అప్పటికీ కాలేదంటే ఆ గుంట పూడ్చి టైల్సు ఏయించేస్తా. అమ్మ దాంట్లో పడిందంటే మల్లా ఆస్పత్రే."

ఆడి కృత్తిక అంటే మా కొండ మీది మురుగన్‌కు కావళ్లు వచ్చే పండుగ. దానికింకా నాలుగు నెలల పైన ఉంది. అత్త వెళ్లి మగ్గం మీది దుప్పటి సర్దింది. దుప్పటి సరిగానే ఉంది, అయినా సర్దింది. ఆడి కృత్తిక లోపల ఈమెను ఆ గుంటలో కూర్చోబెట్టకపోతే నేను కోడలినే కాదని అప్పుడే అనుకున్నాను.

నేను ఆవడిలో ఒక ఆఫీసులో గుమాస్తాను. పొద్దున్నే రైలెక్కితే దీపాలు పెట్టాక ఇల్లు చేరతాను. కాబట్టి యుద్ధమంతా కాగితం మీద నడిపాను. ఎందులో ఎంత ప్రోటీన్ ఉందో తెలుసుకుని, ఏ పూట ఏం తినాలో నేను చెబుతుంటే ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి తమిళంలో రాసి ఫ్రిజ్ మీద అంటించింది. పొద్దున పెసరట్టు, పదకొండింటికి సుండల్ అనే శనగ గుగ్గిళ్లు, మధ్యాహ్నం గట్టి పప్పు, పెరుగు, సాయంత్రం గుడ్డు. గుడ్డు దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. మంగళవారం మురుగన్‌ది, శుక్రవారం అమ్మవారిది, శనివారం ఏడుకొండలవాడిది. మధ్యలో కృత్తిక నక్షత్రం వస్తే అదీ పోయింది. దేవుళ్లందరూ కలిసి మా అత్త గుడ్డు మీద పడ్డారు.

సరే, దేవుళ్లకు అభ్యంతరం లేనిది ఏదైనా ఉందా అని వెతికి, ఆవడిలో ఒక ప్రోటీన్ పొడి డబ్బా కొన్నాను. చాక్లెట్ వాసనది. రోజూ పాలలో రెండు చెంచాలు వేసుకుని తాగమన్నాను. పది రోజుల్లో డబ్బా సగానికి దిగింది. నా ఆనందం ఇంతా అంతా కాదు. రైల్లో తోటివాళ్లందరికీ మా అత్త ఎంత బుద్ధిగా తాగుతోందో చెప్పాను. డబ్బా అయిపోతే రెండోది కూడా తేవాలనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున మామ పడుగుకు గంజి పెట్టారు. నేతవాళ్ల వీధుల్లో అది మామూలే. నిలువు నూలునంతా వీధి పొడవునా కర్రల మీద చాచి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వి ఆరబెడతారు. నూలు గట్టిపడితేనే మగ్గం మీద తెగకుండా నిలుస్తుంది. నేను వాకిట్లో కాఫీ తాగుతున్నాను. వీధంతా ఏదో ఘుమఘుమ, పుట్టినరోజు కేకు కోసినట్టు. ఇంతలో మామ కేక పెట్టారు. పడుగు మీద చీమలు బారులు తీరి నడుస్తున్నాయి. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా, ఒక్క పోగు వదలకుండా.

నేను అత్త వైపు చూశాను. అత్త కొండ గోపురం వైపు చూసింది.

"ఆ పొడి నోట్లో పెట్టుకుంటే కడుపులో తిప్తా ఉండాది మ్మే," అంది చివరికి. "తినేది పారబోసేకి చెయ్యి రాలా. ఏడినీళ్లలో కలిపితే అచ్చం గంజి మాదిరే అయింది. మన ఇంట్లో మిగిలిన గంజి ఎప్పుడూ పడుగుకే గదా."

మా ఇంట్లో నిజంగానే గంజి చుక్క వృథా కాదు. అన్నం వార్చిన గంజి, మిగిలిన జావ, అన్నీ పడుగు కుండలోకే. రోజూ రెండు చెంచాల పొడి బుద్ధిగా తీసి, కాగితంలో దాచి, శనివారం కుండలో కలిపిందట. అదృష్టం కొద్దీ అది ముదురెరుపు లుంగీల పడుగు, రంగు మారలేదు. మామ పొయ్యి ఊదే గొట్టంతో చీమలను ఊదుతూ, మధ్య మధ్య ఆగి నవ్వుతూ, "ఈ లుంగీ కట్టుకున్నోడు కుస్తీకి పోవచ్చు," అన్నారు. వీధి వీధంతా వచ్చి వాసన చూసి వెళ్లింది. నాకు ఒళ్లు మండింది, కానీ ఎదురింటావిడ కుస్తీ గెలిచిన వస్తాదుకు వేసినట్టు మా పడుగుకు దండ వెయ్యబోతుంటే ఎంతసేపని మొహం ముడుచుకుని ఉంటాను? నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను.

పొడి మానేశాం. మళ్లీ పప్పుల మీద పడ్డాను. కందిపప్పు ఒక గుప్పెడు ఎక్కువ పోయించాను. ఉలవలు ఉడికించి చారు పెట్టించాను. సుండల్ గిన్నె నిండా చేయించాను. రోజూ రాత్రి ఫ్రిజ్ మీద కాగితం చూసి "ఇది తిన్నావా, అది తిన్నావా" అని అడిగేదాన్ని. "అయిపోయింది మ్మే, గిన్నె కడిగేసినా," అనేది. లేచి కూర్చోవడం కూడా చేస్తూనే ఉంది. అయినా రెండు నెలలైంది, అత్త చెయ్యి గోడను వదలలేదు.  

ఒకరోజు పట్టాల పని ఉందని రైళ్లు ఆపేశారు. స్టేషన్ దాకా వెళ్లి ఇంటికొచ్చి, తలనొప్పిగా ఉంటే లోపలి గదిలో పడుకున్నాను. సెలవులకు ఇంట్లోనే ఉన్న మా అమ్మాయి, కొండ కింద ఉన్న మా బట్టల అంగడి నుంచి వచ్చిన మా ఆయన, మామ, ముగ్గురూ భోంచేసి లేచారు. రెండు గంటలప్పుడు మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. తలుపు వెనకాల నేల మీద కూర్చుని అత్త అన్నం తింటోంది. పళ్లెంలో కాదు. పప్పు గిన్నెలో. అన్నం అందులోనే వేసుకుని, అంచులకు అంటిన పప్పంతా అన్నంతో తుడిచి, పైన చారు పోసుకుని కలుపుకుంటోంది.

"పప్పు యాడత్తా?"

"అందరూ తిన్నారు గదా."

"మరి నీకు?"

"ఇదో, తింటానే ఉండా గదా. గిన్నె మొత్తం నాదే," అని నవ్వింది.

సుండల్ ఏమైందంటే, కొండకు నడిచిపోయేవాళ్లు ఎండకు అరుగు మీద కూర్చుంటే చేతికొక పిడికెడు పెట్టిందట. గుడ్డు మనవరాలికి. పెరుగు మీగడ కొడుక్కి. గరిటె అడుగు దాకా ముంచి తీసిన గట్టి పప్పు మామకు, పొద్దున నా క్యారియర్‌లోకి. ఆమెకు పైన తేలిన నీళ్లూ, అంచుల తుడుపూ. వాళ్ల అత్త అలాగే తినేదట. "వడ్డించే దానికి అడుగు పప్పు ఏంటికి మ్మే? పైది సాలు," అంది, ఏదో లోకమంతటికీ తెలిసిన విషయం నాకొక్కదానికే తెలియనట్టు.

నేను అరిచాను. ఎందుకు అరిచానో నాకు తెలుసు. పదహారేళ్లుగా ఆమె వడ్డించిన పప్పు తిన్నాను. ప్రోటీన్ గ్రాముల్లో లెక్కగట్టి ఫ్రిజ్ మీద అంటించాను. ఆమె పళ్లెంలో ఏముందో ఒక్కరోజు వంగి చూడలేదు. డాక్టరమ్మ మాట నిజమేనని అప్పుడు ఒప్పుకున్నాను. అరిచి అరిచి ఏడ్చాను కూడా. తర్వాత ఆమె చేతి పక్కనున్న గరిటె తీసుకున్నాను.

"ఈ పొద్దు నుంచి గంటె నాది. నువ్వు కుచ్చో, నేను పెడతా."

అత్త మొహం మాడిపోయింది. మా ఇళ్లలో గరిటె చేతులు మారడం చిన్న విషయం కాదు. వాళ్ల అత్త మంచం పట్టినప్పుడే ఆమె చేతికి వచ్చింది అది. "మగ్గం గుంట పూడుస్తామంటారు, గంటె నువ్వు తీసుకుంటివి. ఇంగ నేను ఈ ఇంట్లో ఏం జేసేది?" అంది.  నాకు భయం వేసింది, కానీ గరిటె వదల్లేదు. మగ్గం మీద కూర్చున్న రోజు తిరిగి ఇచ్చేస్తానని మురుగన్ మీద ఒట్టు వేశాను.

మామ కంటే ముందు తినమంటే అత్త ససేమిరా అంది. మామే ఆ ముడి విప్పారు. "నలభై ఏండ్లుగా మగ్గం కాడ పక్కపక్కనే కుచ్చోలేదా? సాపాటుకు కుచ్చుంటే ఏం కొంప మునిగిపోతాది?" అని తన పళ్లెం పక్కన ఆమె పళ్లెం వేశారు. నేను ఆఫీసుకు పోయాక మధ్యాహ్నం గరిటె ఆయనదే. జన్మలో గరిటె పట్టని మనిషి, కుంచె ముంచినట్టు గిన్నెలో అడుగంటా ముంచి ఒక్కసారిగా కుమ్మరించేవారట. "పోదుం, పోదుం" అని అత్త తమిళంలో చాలు చాలంటూ చేతులు అడ్డం పెడితే చేతుల మీదే పోసేవారట. సుండల్ పాదచారులకు వేరే గిన్నెలో ఉడికించాం, పుణ్యం ఎందుకు పోగొట్టుకోవాలని. రాత్రిపూట గరిటె నాది. ఆమె తినేదాకా పక్కనే కూర్చునేదాన్ని. పని ఎక్కువైందేమో, నాకు రైల్లో కూర్చోగానే కునుకు పట్టి, ఒకసారి ఆవడి దాటిపోయి ఎక్కడో దిగి వెనక్కి వచ్చాను.

నెల తిరిగేసరికి అత్త గోడను ఒక వేలితో పట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత గోడ ఉందన్న సంగతి మర్చిపోయింది. ఒక ఆదివారం బియ్యం డబ్బా తనే జరిపింది. నేను చూశాను, చూడనట్టు ఉన్నాను.

ఆడి కృత్తికకు ఆఫీసు సెలవు పెట్టాను. వీధిలో పసుపు బట్టలు, పూల కావళ్లు, హరోం హర కేకలు. సరిగ్గా ఆ పొద్దునే టైల్సు మనిషి టేపు పట్టుకుని వాకిట్లో దిగాడు. మా ఆయన ఎప్పుడో చెప్పి మర్చిపోయాడట. అతను ముందుగదిలోకి వచ్చి ఆగిపోయాడు. దుప్పటి తీసి పక్కన మడిచి ఉంది. అత్త గుంటలో కూర్చుని ఉంది. ఎడమ కాలు, కుడి కాలు, ఎడమ కాలు. నాడె ఇటు, అటు. మొదట నెమ్మదిగా, తర్వాత మామ మగ్గం చప్పుడుతో కలిసిపోయేలాగా.

"కొలుసుకో నాయనా," అంది తల ఎత్తకుండానే. "నేనుండే గుంట ఇడిసిపెట్టి కొలుసుకో."

మా ఆయన అతనికి కాఫీ ఇచ్చి పంపేశాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అంత సంతోషం నాకు నా పెళ్లినాడు కూడా లేదు.

మధ్యాహ్నం ఒట్టు ప్రకారం గరిటె కడిగి అత్త చేతికిచ్చాను. ఆమె దాన్ని ఒకసారి తిప్పి చూసి, నడుముకు కొంగు దోపి వడ్డన మొదలుపెట్టింది. అందరికీ అడుగంటా తిప్పి పెట్టింది, తన పళ్లెంలోనూ పెట్టుకుని మామ పక్కన కూర్చోబోయి, ఆగి నా వైపు చూసింది. నేను అలవాటుగా తలుపు వెనకాల చేరాను. పప్పు కుండలోంచి వడ్డనకు తీసిన గిన్నె ఖాళీ అయితే అందులోనే అన్నం వేసుకుని చారు పోసుకుంటున్నాను. గరిటె నా చేతికి వచ్చిన రాత్రి నుంచీ అలాగే తింటున్నాను. ఎప్పుడు మొదలుపెట్టానో కూడా గుర్తులేదు.

అత్త లేచి నా దగ్గరికి వచ్చింది. గోడ పట్టుకోలేదు.

"నీ పళ్లెం యాడ?"

నేను గిన్నెలోకి చూసుకున్నాను. అంచులన్నీ శుభ్రంగా తుడిచి ఉన్నాయి.

"అందుకేనా మ్మే రైల్లో నిద్రబోయి ఊరు దాటిపోతా ఉండావు?" అంది. నా చేతిలోంచి గిన్నె లాక్కుంది. పళ్లెం తెచ్చి తన పళ్లెం పక్కన వేసి, గరిటె కుండ అడుగు దాకా దించి, నిండుగా తీసి పోసింది. నేను "పోదుం" అని చెయ్యి అడ్డం పెట్టాను. చేతి మీదే పోసింది.

"కుచ్చో," అంది.

కూర్చున్నాను.