పండుగ బట్టలతో ఇచ్చిన బొమ్మ తుపాకులు

మొన్న శుక్రవారం నమాజు ముగించుకుని వచ్చి దుకాణం షట్టరు ఎత్తానో లేదో, ఒక యువకుడు నాలుగేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చి, పాపకి పండుగ గౌను కుట్టాలని కొలతలు ఇప్పించి, పోతూ పోతూ గుమ్మంలో ఆగి, చిన్నప్పుడు తనకీ ఇక్కడే కుట్టించేవారనీ, బట్టల సంచిలో బొమ్మ తుపాకీ పెట్టి ఇచ్చేవారు కదా, ఇప్పుడు ఇవ్వడం లేదా చాచా అనీ అడిగాడు. మానేశాం నాయనా అని మాత్రం చెప్పి పంపించాను. ఎందుకు మానేశామో గుమ్మంలో నిలబడి చెప్పే సంగతి కాదు. నాలాగే నల్లజుట్టుతో దుబాయ్‌లో దిగి ఇక్కడే కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, తీరిక చేసుకుని వినండి.

మాది నెల్లూరు. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా చదివింది తెలుగు బడిలో కాబట్టి, నా లెక్కలూ తిట్లూ కలలూ అన్నీ తెలుగులోనే నడుస్తాయి. అల్ కుసైస్‌లో ఈ దర్జీ దుకాణం పెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. రంజాన్ పండుగ వచ్చిందంటే ఇక్కడి పిల్లలు పెద్దల దగ్గర ఈదీ డబ్బులు పుచ్చుకోవడం, పుచ్చుకున్నదంతా తీసుకెళ్ళి బొమ్మ తుపాకులు కొనుక్కోవడం, ఆ మూడు రోజులూ మెట్ల మీదా కార్ల సందుల్లోనూ ఠాయ్ ఠాయ్‌మని ఒకరినొకరు కాల్చుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. అది చూసి నాకో ఆలోచన తట్టింది. ఎవరైనా పిల్లలకి పండుగ జత మా దగ్గర కుట్టిస్తే సంచిలో ఒక తుపాకీ ఉచితం. ఆ ఒక్క ఆలోచనతో పక్క వీధిలోని ఇద్దరు దర్జీల గిరాకీ మా గుమ్మం ఎక్కింది. తుపాకీ చాచా అని నాకు పేరు కూడా వచ్చింది, ఆ పేరు విన్నప్పుడల్లా మీసం మీదకి చెయ్యి దానంతటదే పోయేది.

ఇక మా ఇస్త్రీ తమ్ముడి గురించి చెప్పాలి. తోడబుట్టినవాడు కాదు, పిలుపుకి తమ్ముడు. జగిత్యాల దగ్గర పల్లె. పదిహేనేళ్ళు మా దుకాణంలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డాడు, నేను చెప్పబోయే ఆ రోజు వరకూ ఒక్క బట్ట కాల్చిన పాపాన పోలేదు. అరబ్బులు వేసుకునే పొడుగాటి కందూరా చొక్కా ఆయన చేతిలోంచి వచ్చిందంటే దాని మడత మీద ఈగ వాలినా జారిపోవాల్సిందే. ఆయనలో ఒకటే చిత్రం. మడిచి సంచిలో పెట్టడం వరకూ అన్నీ చేసేవాడు గానీ తుపాకుల డబ్బా ముట్టుకునేవాడు కాదు. సంచి నావైపు తోసి, గది నాతోని గాదన్నా, మీరే పెట్టుండ్రి అనేవాడు.

మేము ఊరుకుంటామా? ప్లాస్టిక్ తుపాకీకి వణికే మగాడని నేను మొదలుపెడితే మిషను మీదున్న మిగతా ఇద్దరూ అందుకునేవారు. వెనక నుంచి వెళ్ళి మెడకి తుపాకీ ఆనించి యల్లా, హాండ్సప్ అన్న రోజులు కూడా ఉన్నాయి, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆయన కోప్పడేవాడు కాదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, బయటికి వెళ్ళి, కాసేపటికి వచ్చి మళ్ళీ పనిలో పడేవాడు. రెండేళ్ళకోసారి సెలవు ఇస్తానన్నా ఊరికి పోయేవాడు కాదు. తల్లి పోయినప్పుడు పోయి వచ్చినవాడు, తర్వాత ఏడేళ్ళు ఊరి ముఖం చూడలేదు. నెలనెలా ఇంటికి పంపడం మాత్రం ఆపలేదు. దాని మీదా మాకు వేళాకోళమే.

కరోనా తగ్గుముఖం పట్టి, జనం మళ్ళీ పండుగలు పండుగల్లా చేసుకోవడం మొదలుపెట్టిన ఏడాది అది. రంజాన్ నెల కావడంతో బడి తొందరగా వదిలేసేవారు, కొడుకూ కోడలూ ఉద్యోగాల్లో ఉండేవారు, అందుకని మా మనవరాలు, అప్పటికి దానికి ఏడేళ్ళు, నా కటింగ్ టేబుల్ చివర కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని ట్యాబ్‌లో కార్టూన్లు చూసేది. అది చూసే కుందేళ్ళ కార్టూన్ హిందీలో మాట్లాడుతుంది కాబట్టి, చూడకపోయినా దుకాణమంతా వినక తప్పేది కాదు.

ఆ వారం వచ్చిన కథ ఇది. ఒక కుందేలు పిల్ల తాత బీరువాలో వేట తుపాకీ చూసి, గొప్ప చూపించుకోవడానికి నేస్తం దగ్గరికి పట్టుకుపోతుంది. అది పేలి నేస్తం చెవి తెగుతుంది. దాంతో కుందేళ్ళ ఊరంతా సభ చేరుతుంది. తాతలనాటి తుపాకీ మా హక్కు అని కొందరు, ఎవరింట్లో ఎన్ని ఉన్నాయో రాసుకోవాలి, తాళం వెయ్యాలి, పిల్లల చేతికి అందకూడదు అని కొందరు, అరిచి అరిచి చివరికి ఒక కట్టుబాటు చేసుకుంటారు.

ఆ కథకి మా బిల్డింగులో లేచిన దుమారం అంతా ఇంతా కాదు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో, నా కొడుకు అన్నం మానేసి ఏడుస్తున్నాడు, పసిపిల్లలకి ఇలాంటివి చూపిస్తారా అని ఒక తల్లి. తుపాకులు ఎక్కడో అమెరికా వాళ్ళ తలనొప్పి, ఈ దేశంలో మన పిల్లలు చూస్తారా పెడతారా అని ఒక తండ్రి. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు చెప్తాం అని మా కోడలు. కింది అంతస్తులో పఠాన్ డ్రైవర్ ఒకాయన, పెళ్ళిళ్ళలో గాల్లోకి కాల్చడం మర్యాద అనుకునే ఊరి మనిషి, గ్రూపులో ఏమీ రాయలేదు గానీ నాతో మెట్ల దగ్గర చెప్పాడు, ఊళ్ళో మన ఇంట్లో కూడా ఉందా బాబా అని కూతురు అడిగితే బండి తాళాలు తీసుకుని బయటపడ్డానని. తిట్టినవాళ్ళలో సగం మంది కథ చూడనే లేదు, ఆ సగంలో నేనే ముందు. కుందేళ్ళకి అసెంబ్లీ ఏందంట, ఇంక చీమలకి పార్లమెంటు పెడతారా అని దుకాణంలో కూర్చుని అరిచాను.

నా అరుపు వినీ విననట్టు మా మనవరాలు తలెత్తి, దాదా, మన డబ్బాకి తాళం ఏదీ అంది. అప్పటికే పండుగ కోసం దేరా బజారు నుంచి రెండు డబ్బాల తుపాకులు తెప్పించి పెట్టాను. బొమ్మలకి తాళమెందుకే అన్నాను. మర్నాడు తన సైకిల్ గొలుసు తెచ్చి రెండు డబ్బాలకీ చుట్టి, తాళం వేసి, తాళంచెవి తన బడి సంచిలో వేసుకుంది. ఉపవాసంలో ఉన్న మనిషికి ఒళ్ళు మండదా మరి? తాళంచెవి ఇస్తావా ఇవ్వవా అని నేను, ఇవ్వను అని అది, మా ఇద్దరి పంచాయితీ మధ్యలో ట్యాబ్‌లో అదే కథ మళ్ళీ నడుస్తోంది. దాని చివర, సభ అయిపోయాక, ఆ కుందేలు పిల్ల కట్టుకట్టుకున్న నేస్తం ఇంటికి వెళ్ళి, తప్పు నాది, తెచ్చింది నేనే అని చెప్తుంది.

అప్పుడే కాలిన వాసన వచ్చింది. తిరిగి చూస్తే తెల్లటి కందూరా వీపు మీద ఇస్త్రీపెట్టె ఆనించి ఉంది, మా తమ్ముడి కళ్ళు ట్యాబ్ మీద ఉన్నాయి. నేను పరిగెత్తి పెట్టె తీసేసి నోటికొచ్చినట్టు తిట్టాను. కండ్లు నెత్తిన పెట్టుకున్నావా, మన వీసాలు చూసే ఆ కఫీల్‌కి ఏం చెప్పేదిరా అన్నాను. ఆయన ఇస్త్రీ బల్ల పక్కన నేల మీద కూలబడి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. దుకాణంలో మిషన్లు వాటంతటవే ఆగిపోయాయి.

తర్వాత చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో ఒక కాలంలో తుపాకులు పట్టుకున్నవాళ్ళు అటు అడవిలోంచి వచ్చేవాళ్ళు, ఇటు ఠాణా నుంచి వచ్చేవాళ్ళు, ఇద్దరికీ ఊరు భయపడేది, పిల్లలు మాత్రం అదే ఆట ఆడుకునేవారు. అప్పుడు ఈయనకి పన్నెండేళ్ళు, తమ్ముడికి తొమ్మిది. చేను గట్టున వాడు కట్టె తుపాకీ ఎత్తి ఎటో గురిపెట్టి ఆడుకుంటుంటే, దూరం నుంచి నిజం తుపాకీ అనుకున్నారో ఏమో, ఎవరో కాల్చారు. ఎవరో ఈనాటికీ తెలియదు. ప్రాణం దక్కింది గానీ మోకాలి కింద కాలు పోయింది.

“గా తుపాకి నేనే జెక్కిన్నన్నా. యాపకట్టె తోని, కొడవలి వట్టుకొని, పొద్దందాక కూసోని జెక్కిన. ఇంట్ల ఎవ్వలికి జెప్పలె. మా అవ్వ సచ్చేదాక తిట్టింది, ఏ చెయ్యి జెక్కిందో గా చెయ్యి ఇరగ అని. నేను ఆమె పక్కనే కూసోని గా చెయ్యితోనే బువ్వ తింటుంటి.”

తమ్ముడు కూడా ఎవరికీ చెప్పలేదట. ఆ చెప్పకపోవడమే ఈయనకి ఉరితాడైంది. వాడికి గుర్తుందా, మనసులో పెట్టుకున్నాడా అన్నది అడగలేక, తల్లి పోయాక ఆ ఇంట్లో వాడి ఎదుట ఒంటరిగా కూర్చోలేక, ఊరే మానుకున్నాడు. మా మనవరాలికి ఎంత అర్థమైందో గానీ టేబుల్ దిగి వచ్చి ఆయన పక్కన కూర్చుని, తుమ్ జాకే బోల్ దో చాచూ, వెళ్ళి చెప్పెయ్యి, కుందేలు చెప్పేసింది కదా అంది. 

ఆయనకి చేతులు జోడించడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది. కాల్చిన కందూరా సంగతి నేను చూసుకుంటానన్నాను, అంతే. మర్నాడు తాళం చెవి అడిగి తీసుకుని, రెండు డబ్బాలూ దేరాకి మోసుకుపోయి, విసుక్కుంటున్న హోల్‌సేల్ వాడి గడ్డం పట్టుకుని వాపసు చేశాను. తుపాకీకి బదులు, ఏ బట్ట కుడితే ఆ బట్ట ముక్కతోనే ఈదీ దాచుకునే చిన్న సంచి కుట్టి ఇచ్చాం. పిల్లలు మూతులు ముడిచారు. చాచా ముసలివాడై పిసినారి అయ్యాడని ఒకరు అన్నారు. ఇద్దరు ముగ్గురు పక్క వీధి దర్జీ దగ్గరికి పోయారు కూడా. పోనీలే అనుకున్నాను.

పండుగ వెళ్ళాక ఆయన్ని నలభై రోజుల సెలవు మీద బలవంతంగా విమానం ఎక్కించాను. మూడు రోజులు ఫోను లేదు. పెద్ద మేనేజరులా, ముదీర్‌లా పెత్తనం చేసి పంపించాను, అక్కడ ఏమైందోనని ఫోను కటింగ్ టేబుల్ మీదే పెట్టుకుని కత్తిరించాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఫోను వచ్చింది. చెప్పేశానన్నాడు. మరి వాడేమన్నాడ్రా అన్నాను.

“ఆడు నవ్విండన్నా. అడిగింది నేనే గద, నువ్వు జెక్కకుంటె నేనే జెక్కుకుంటుంటి అన్నడు. నువ్వు ఇంటికి రాకపోతుంటే, కాలు లేనోన్ని సూడబుద్ది గాక వస్తలేవు అనుకున్న అని అన్నడన్నా. ఏడేండ్ల సంది గదే అనుకుంటున్నడట.”

ఆ మాటకి నేను టేపు మెడలోంచి తీసి కళ్ళు తుడుచుకున్నాను, దర్జీవాడికి తువ్వాలు ఎక్కడిది!

సెలవు అయిపోయింది, ఆయన రాలేదు. తమ్ముడు పోనివ్వడం లేదు, ఊళ్ళోనే ఇస్త్రీ బండి పెట్టుకుంటానన్నాడు. రెండు రోజులు కోపంతో ఊగిపోయాను, అంతటి పనితనం మళ్ళీ నాకెవరిస్తారని. మూడో రోజు ఆయన సామాను పెట్టె సర్ది, వాళ్ళ ఊరి మనిషి ఒకరు పోతుంటే పంపించాను. ఇప్పుడు ఆవిరి ఇస్త్రీ మిషను కొన్నాం, దాని దగ్గర ఉండే కుర్రవాడు చెవుల్లో ఏవో పెట్టుకుని పాటలు వింటూ పని చేస్తాడు. మా మనవరాలికి ఇప్పుడు కుందేళ్ళంటే చిన్నపిల్లల వ్యవహారం. ఆ కథ ఎవరు తీశారో నాకు తెలియదు, పిల్లలకి అలాంటివి చూపించాలా వద్దా అన్న వాదం కూడా నేను తేల్చలేను. కానీ తీసిన వాళ్ళెవరైనా ఎదురైతే, చూడకుండా తిట్టినందుకు మన్నించమని అడిగి, ఒక జత బట్టలు ఊరికే కుట్టి ఇస్తాను.

పదిహేనేళ్ళు ఒకే పైకప్పు కింద నిలబడ్డ మనిషి, ఒక్క పని చెయ్యనన్నాడు. నవ్వుకోవడానికి నాకు పదిహేనేళ్ళ తీరిక దొరికింది, ఎందుకని అడగడానికి ఒక్క పూట దొరకలేదు. అడిగి ఉంటే ఆ అన్నదమ్ములు ఎన్నేళ్ళు ముందు కలిసి భోంచేసేవారో! ఇప్పుడు దుకాణంలో ఎవరైనా ఏదైనా నావల్ల కాదంటే మిషను ఆపి, పక్కన కూర్చుని, ఎందుకు నాయనా అని అడుగుతున్నాను. కొందరు చెప్తారు. కొందరు ఇప్పుడు కాదు చాచా, పండుగ వెళ్ళాక చెప్తాం అంటారు. సరేలే అని, మళ్ళీ అడుగుతాను.