కరకట్ట మీద కొవ్వొత్తి

పొట్ట తగ్గించుకుందామని హైదరాబాద్ నుంచి ఖరీదైన సైకిల్‌ని రైల్లో మోసుకొచ్చి, హంసలదీవి సముద్రానికి దండం పెట్టి, కృష్ణ కరకట్ట ఎక్కాను. కంకర దారి, పక్కనే నది, ఒక్క బండి కూడా లేదు. గుద్దడానికి ఎవరూ లేకపోయినా పడొచ్చని తోట్లవల్లూరు దగ్గర తెలిసింది. కట్ట మీద ఆరబోసిన పసుపు కొమ్ముల మీద జారి, వాటి మధ్యే కూలబడ్డాను.

పసుపు తిరగేస్తున్న పెద్దావిడ కుంటుకుంటూ వచ్చింది. తిడుతుందనుకున్నాను.

“దెబ్బ తగల్లేదుగా బాబూ? గుణదల మేరీమాత తిరనాళ్లకేనా?”

మొక్కుకున్నవాళ్లు ఈ దారిన నడిచీ, సైకిళ్ల మీదా విజయవాడ వెళ్తారని నాకేం తెలుసు? ఆయాసంతో తలూపాను. ఆవిడ మజ్జిగ ఇచ్చి, పాకలోంచి ఓ కొవ్వొత్తి తెచ్చింది.

“నా మోకాళ్లు ఈసారి రానివ్వట్లేదండీ. కోడలికి నెలలు నిండాయి. తోట్లవల్లూరు మరియమ్మ పంపిందని చెప్పి వెలిగించండి. మొక్కు కదా, దారిలో ఎవరు రమ్మన్నా బండెక్కకండేం!”

ట్రాలీ ఆటోని పిలుద్దామని తీసిన ఫోన్‌ని మెల్లగా జేబులో పెట్టేశాను. కొవ్వొత్తిని సైక్లింగ్ చొక్కా వీపు జేబులో దోపుకుని మళ్లీ సైకిలెక్కాను.

తర్వాత ప్రతి మలుపులోనూ ఆవిడ కోడలికంటే నేనే ఎక్కువ మూలిగి ఉంటాను. సాయంత్రానికి గుణదల చేరి, వీపు జేబులోంచి కొవ్వొత్తి తీశాను. ఎండకి నడుం వంగిపోయి అచ్చం నాలాగే ఉంది.

అయినా వెలిగింది.