రాజుగారి విషం నేను తాగిన వైనం

ఒక మహాసామ్రాజ్యంలో పక్కాగా జరగాల్సిన కుట్రను నేను ఒక్క గుక్కతో పాడుచేశాను. అదే గుక్కతో నా పెళ్ళిని కూడా పాడుచేసుకోబోయాను. ఇంతటి ఘనకార్యం మా అరకు లోయలో ఇంకెవరూ చేయలేదని గట్టిగా చెప్పగలను. నవ్వాలనుకునేవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టండి, నేనేమీ అనుకోను.

అప్పట్లో డుంబ్రిగుడ దారిలో నాకొక కాఫీ కొట్టు ఉండేది. ఆ కొట్టులో కాఫీకంటే నా ఫోన్‌లో సీరియల్ ఎక్కువ మరిగేది. పూర్వకాలపు రాజుల కథ అది. సింహాసనం ఒక్కటే, దానిమీద కన్నేసినవాళ్ళు మాత్రం కోట నిండా ఉన్నారు. మంత్రి సేనాపతితో, సేనాపతి చిన్నరాణితో, చిన్నరాణి మళ్ళీ మంత్రితో తెరల చాటున గుసగుసలాడుతూనే ఉంటారు. ఎవరు ఎవరిని వెన్నుపోటు పొడుస్తారో ఆ కథ రాసినవాడికంటే ముందు నాకు తెలిసిపోయేది. కాఫీలో పంచదార వేయడం మరిచిపోయినా, వచ్చినవాళ్ళకు రాజ్యం పరిస్థితి వివరించకుండా పంపేవాణ్ణి కాదు.

అలాంటి నా దగ్గరికి ఆ సీరియల్ వాళ్ళే నడిచి వచ్చారు. వలిసెపూల పొలాల పక్కన మైదానంలో థర్మోకోల్ కోట కట్టి షూటింగ్ పెట్టారు. కాఫీకి వచ్చిన డైరెక్టర్ గారు నా ఎత్తూ, నా మీసమూ చూసి, "రాజుగారి విందు సీన్ ఉంది. ఆయనకు పాత్ర అందించాలి. చేస్తావా?" అన్నారు. నేను వెంటనే ఊళ్ళోకి పరుగెత్తి, నాకు సీరియల్లో పాత్ర ఇచ్చారని చాటేశాను. అందులో అబద్ధమేమీ లేదు. ఇచ్చింది ఇత్తడి పాత్ర అని మాత్రం చెప్పలేదు.

ఇక్కడ మా కొండన్న మావ గురించి చెప్పాలి. మా అమ్మకు వరసకు అన్న. ఆయన కూతురు జమున. జమునకు నేనంటే ఇష్టం, నాకు జమునంటే ప్రాణం. అడ్డం అల్లా మావే. "కొట్లో కూకుని ఫోన్ సూసుకునీ గుంటడికి పిల్లనెలగిచ్చీది?" అని ఏడాదిగా నానుస్తున్నాడు. పాత్ర సంగతి తెలిశాక కాస్త మెత్తబడ్డాడు.

"ఇంతకీ నువ్వేటి సేత్తావురా అందులో?"

"రాజుగారి పేణం నా సేతిలో ఉంటాది మావా!"

"అలగా? సరే, నేనే వచ్చి సూత్తాను. నీ పని నచ్చితే ఆ రోజే మాటిచ్చేత్తాను."

చెప్పినట్టే షూటింగ్ రోజున మావ, జమున, సగం ఊరు వచ్చి, జనానికి అడ్డంగా కట్టిన తాడు అవతల నిలబడ్డారు. సీను చాలా తేలిక. మంత్రి పానీయంలో విషం కలుపుతాడు. నేను దాన్ని రాజుకు ఇస్తాను. రాజు తాగి చస్తాడు. విషమంటే ఎర్ర షర్బత్తే. మా ఊరి కుర్రాళ్ళకు కూడా భటుల వేషాలిచ్చి, "రాజుగారు ఏం చెబితే అది చేయండి" అని బల్లేలు చేతికిచ్చారు.

యాక్షన్ అన్నారు. మంత్రి కనుసైగ చేశాడు. నేను పులిలా నడిచి వెళ్ళి, రాజు ముందు వంగి, పాత్ర ఎత్తి, ఒక గుక్క తాగి, మూతి తుడుచుకుని, ఆయన చేతికిచ్చాను.

"కట్! ఏం చేశావయ్యా?" అని డైరెక్టర్ గారు కేక పెట్టారు.

"ఇచ్చేనండి."

"ఇవ్వకముందు?"

"తాగేనండి."

"ఎందుకు తాగావు?"

"ఇచ్చీవాడు తాక్కపోతే పుచ్చుకునీవాడు ఎలగ తాగుతాడండి?"

"అందులో విషం ఉందయ్యా!"

"అందుకే గదండీ ముందు తాగీది!"

మీకొక విషయం చెప్పాలి. మా కొండల్లో ఎవరికైనా జీలుగు కల్లు పోస్తే, పోసినవాడే ముందు ఒక గుక్క తాగి అందించాలి. ఇందులో నేనేమీ కలపలేదు, నీమీద నాకు ఏ పగా లేదు అని చెప్పడమన్నమాట. చిన్నప్పటినుంచీ అలవాటైన చెయ్యి అది. నేను వద్దన్నా నోటి దగ్గరికి వెళ్ళిపోతుంది.

రెండోసారి నా చేతిని గట్టిగా మందలించుకుని వెళ్ళాను. తాగకుండానే పాత్ర రాజు ముందు చాపాను. తాడు అవతలనుంచి పెద్ద అరుపు వినిపించింది.

"ఒరే! తాక్కండా ఇచ్చేత్తన్నావేట్రా?"

"కట్! ఎవరయ్యా అది?"

"మా మావండి. కాబోయే మావండి."

"కాబోడు!" అన్నాడు మావ. "ఏటి కలిపినావురా అందులో?"

"విషం, మావా. ఇది ఉత్తి నాటకం!"

"విషం కలిపినానని నీ నోటితోనే సెప్తన్నావా! రేపు పిల్లనిచ్చి నీ ఇంటికొచ్చి నేనేటి తాగాలి? తాగి ఇత్తేనే నీకు జమున. లేదంటే మరో సంబంధం సూసుకో."

జమున తల పట్టుకుంది. డైరెక్టర్ గారు తల పట్టుకుని అసిస్టెంట్ల మీద పడ్డారు. ఆ సందులో రాజుగారు నన్ను సింహాసనం వెనక్కి లాగారు. కిరీటం తీసి చంకలో పెట్టుకుని, అచ్చం సీరియల్లోలాగే గుసగుసలాడారు.

"తమ్ముడూ, మీ పద్ధతి చాలా గొప్పది. దాన్ని వదలకు. ఆ మంత్రి వేషం వేసేవాడు సీరియల్ పెద్దల చెవులు కొరికి నన్ను ఈ రోజే చంపించేస్తున్నాడు. నేను చస్తే ఇక కథంతా వాడిదే. నువ్వు తాగావంటే నేను బతుకుతాను."

నాకు ఒళ్ళు పులకరించింది. ఫోన్‌లో చూసిన కుట్ర ఇప్పుడు నా భుజంమీద చెయ్యి వేసింది! ఒకవైపు డైరెక్టర్ గారు, ఒకవైపు రాజు, తాడు అవతల మావ. సాధారణ మనిషైతే పాత్ర కింద పెట్టి పారిపోయేవాడు. నేను సాధారణ మనిషిని కాను. తాగుతాను, విషం కాబట్టి చస్తాను కూడా. అప్పుడు కథకు కథ, కట్టుబాటుకు కట్టుబాటు, రెండూ దక్కుతాయి. ఇంత తెలివి నాకు ఎక్కడినుంచి వచ్చిందా అని నేనే ముచ్చటపడ్డాను.

మూడోసారి గుక్క వేసి, మావవైపు గర్వంగా చూసి, గొంతు పట్టుకున్నాను. చచ్చాను. మామూలుగా కాదు, గిలగిల కొట్టుకుని, దొర్లి, ఒక థర్మోకోల్ స్తంభాన్ని మంత్రిమీద పడగొట్టి మరీ చచ్చాను. రాజుగారు ఒక్క గెంతులో లేచారు.

"ద్రోహం! ఈ నమ్మినబంటు నాకోసం ప్రాణం ఇచ్చాడు! భటులారా, మంత్రిని బంధించండి!"

మా కుర్రాళ్ళు చెప్పిన మాట తప్పలేదు. మంత్రిని స్తంభం కిందనుంచి లాగి, మేకలు కట్టే తాడుతో నిజంగానే కట్టేశారు. డైరెక్టర్ గారు నోరు తెరిచారేగాని కట్ అనలేదు. సీను అంత బాగా వస్తోంది మరి.

నేను లెక్కలోకి తీసుకోనిది మావ ప్రేమ. నా నటనను ఆయన నిజమని నమ్మేశాడు.

"ఓలమ్మో! గుంటడు సచ్చిపోతన్నాడు! బేగి పేడనీళ్ళు కలపండి, కక్కించాలి!" అంటూ తాడు దూకేశాడు. పక్కనే గొడ్లు మేస్తున్నాయి, ఎదురుగా రాజుగారి బంగారు కూజా ఉంది. నేను కళ్ళు తెరిచేలోపే మావ నా ఛాతీమీద కూర్చుని, నా ముక్కు మూసి, కూజా నోట్లో పెట్టేశాడు.

"మావా! నేను బాగానే ఉన్నాను!" అనడానికి నోరు తెరిచాను. అదే నేను చేసిన అసలు తప్పు. షర్బత్ వెళ్ళిన దారినే అది కూడా వెళ్ళిపోయింది.

నేను లేచి కూర్చునేసరికి మావ కళ్ళల్లో నీళ్ళు. నిజంగా ఏడుస్తున్నాడు. అంతలోనే సంగతి అర్థమై మొహం ఎర్రగా మారింది.

"బతికే ఉన్నావా? ఇంతమంది ముందు నన్నేడిపించినావా? పోరా! నీకు పిల్లనిచ్చీది లేదు!"

ఆ మాట పేడనీళ్ళకంటే చేదుగా ఉంది. జమునవైపు చూశాను. ఆమె తాడు దాటి వచ్చి, తండ్రి చేతిలోంచి కూజా తీసుకుని లోపలికి తొంగి చూసింది.

"అయ్యా, ఈ నీళ్ళు నువ్వే గదా ఇచ్చినావు?"

"నేనే. అయితే ఏటి?"

"ముందు నువ్వు తాగినావా?"

ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. కట్టేసిన మంత్రి కూడా నవ్వాడు.

"తాక్కండా ఇచ్చీడం తప్పు గదా, అయ్యా? ఇంకా సగముంది. ఇప్పుడైనా తాగు."

మావ కూజాలోకి చూశాడు. కూతురివైపు చూశాడు. నావైపు చూశాడు. మళ్ళీ కూజాలోకి చూశాడు.

"పిల్లనిచ్చేత్తాన్లే!" అన్నాడు.

రాజుగారు ఆ తర్వాత చాలాకాలం రాజ్యం చేశారు. నేనూ జమునా మాత్రం ఇప్పటికీ కాపురం చేస్తున్నాం. అందుచేత పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎంత గొప్ప కుట్ర అయినా సరే, ఎంత పెద్ద మంత్రి కనుసైగ చేసినా సరే, ఇకమీదట ఏ రాజుకూ విషం అందించను. మా మావ ఏది ఇచ్చినా, ముందు ఆయన ఒక గుక్క తాగేదాకా నోరు తెరవను.